"గివ్ ఎ డాగ్ ఎ బ్యాడ్ నేమ్ అండ్ హ్యాంగ్ హిమ్" అంటే ఏమిటి? నిజ జీవితంలో ఎక్కడైనా చూశారా?

ఒకసారి చెడ్డపేరు అంటగడితే చాలు, ఇక ఏం జరిగినా తప్పు వాళ్లదే అంటారని అర్థం. మనవాళ్లు పిచ్చికుక్క అని ముద్ర వేసి చంపడం అంటారే, దాదాపు అదే. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో నా పక్క మంచం కుర్రాడి విషయంలో కళ్లారా చూశాను.

వాడిది స్టువర్టుపురం. బాపట్ల, చీరాల మధ్య ఉంటుంది, దొంగల ఊరని ముద్రపడింది. ఎవరి డబ్బు పోయినా వార్డెన్ నేరుగా వాడి ట్రంకుపెట్టె దగ్గరికే వచ్చేవాడు. ఏమీ దొరికేది కాదు. దొరక్కపోతే "గట్టివాడురా, ఎక్కడో దాచేశాడు" అనేవాళ్లు. దొరికితే దొంగ, దొరక్కపోతే ఇంకా పెద్ద దొంగ! సెలవులకి ఇళ్లకు వెళ్తుంటే, ఆ స్టేషన్ దగ్గరపడగానే రైల్లో ఎవరో ఒకరు "సామాన్లు జాగ్రత్తండోయ్" అని నవ్వేవారు. వాడు దిగాల్సింది అక్కడే.

ఆ ఊరికి ఈ చెడ్డపేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. ఒకప్పుడు ఎరుకలవాళ్లు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. ఉప్పు మీద తెల్లవాళ్లు పెట్టిన ఆంక్షలు, ఆపైన రైళ్లు ఆ వ్యాపారాన్ని దెబ్బకొట్టాయి. స్థిరంగా ఒకచోట ఉండనివాళ్లంటే సర్కారుకి ఎప్పుడూ అనుమానమే. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఆ తర్వాత ఎరుకల కుటుంబాల్ని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ అజమాయిషీలో ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు. ఊరికి స్టువర్ట్ అనే ఆంగ్లేయ అధికారి పేరు పెట్టారు. రోజూ హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా బయటికి పోకూడదు. దొంగతనం రుజువై కాదు, ఆ కులంలో పుట్టినందుకు.

అక్కడ దొంగలే లేరని నేననను. ఉండేవారు. సంఘ సంస్కర్తలైన లవణం, హేమలతా లవణం దంపతులు 1970లలో వాళ్లను మార్చడానికి ఆ ఊళ్లో చాలా పని చేశారు కూడా. కానీ దొంగలు లేని ఊరేది? వేరేచోట దొంగ దొరికితే వాడి పేరు చెప్తారు, ఇక్కడైతే ఊరి పేరు చెప్తారు. చట్టం 1952లోనే రద్దయింది. మా వార్డెన్‌కి ఆ కబురు అందినట్టు లేదు.

వాడుకకి వస్తే, ఇంగ్లీషులో దీన్ని చాలాసార్లు "గివ్ ఎ డాగ్ ఎ బ్యాడ్ నేమ్" దగ్గరే ఆపేస్తారు. మిగతాది వినేవాళ్లకి తెలుసు కాబట్టి.