ల్యాబ్‌లో చేసిన సబ్బు చేతికి చురుక్కుమంటోంది, కఠిన జలంలో నురగ రావట్లేదు. తప్పు ఎక్కడ జరిగింది?

మీరు రాసిన కొలతలు ఇవీ: ఆముదం 20 మి.లీ., 20 శాతం కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం) ద్రావణం 30 మి.లీ. వేడి చేసి, చిక్కబడ్డాక చల్లార్చి, ఉప్పు వేయకుండానే ముద్ద తీసేశారు. చురుక్కుమనడానికీ నురగ రాకపోవడానికీ కారణం ఒకటే అనుకుంటున్నారు గానీ, అవి రెండూ వేరు. మొదటిది పద్ధతిలో జరిగిన లోపం, రెండోది సబ్బు స్వభావం.

మొదట ఆ ముద్దను ఒంటికి రాయడం ఆపండి. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. 20 మి.లీ. ఆముదం బరువు సుమారు 19 గ్రాములు. ఒక్కో గ్రాము ఆముదం పూర్తిగా సబ్బుగా మారడానికి దాదాపు 0.13 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ చాలు. అంటే మొత్తం 2.5 గ్రాములు. మీరు పోసిన ద్రావణంలో ఉన్నది 6 గ్రాములు. చర్య త్వరగా ముగియడానికి ఇలా ఎక్కువ పోయడం మామూలే. కానీ మిగిలిన మూడున్నర గ్రాముల క్షారాన్ని బయటికి పంపాల్సింది ఉప్పే. ఆ మెట్టు వదిలేస్తే క్షారం, సబ్బుతో పాటు పుట్టే గ్లిసరాల్ రెండూ సబ్బులోనే ఉండిపోతాయి.

ఈసారి ముద్ద వేడిగా ఉండగానే 10 గ్రాముల ఉప్పు వేసి బాగా కలపండి. సోడియం అయాన్లు పెరిగేకొద్దీ సబ్బు నీటిలో కరిగి ఉండలేక, విరిగిన పాలలా పలుకులై పైకి తేలుతుంది. పలుకులు కట్టకపోతే ఇంకొంచెం ఉప్పు వేయండి. చల్లారాక గుడ్డలో వడకట్టి, 30 మి.లీ. నీటిలో 10 గ్రాముల ఉప్పు కరిగించిన చల్లటి ద్రావణంతో రెండుసార్లు కడగండి. మామూలు నీటితో కడిగితే సబ్బే కరిగిపోతుంది. కొబ్బరి నూనె వాడితే రెండు తేడాలు గుర్తుంచుకోండి. అందులోని కొవ్వు ఆమ్లాల గొలుసులు పొట్టివి కాబట్టి గ్రాముకు 0.18 గ్రాముల క్షారం కావాలి, ఉప్పు కూడా బాగా ఎక్కువ పడుతుంది.

క్షారం పోయిందో లేదో సబ్బును నీటిలో కరిగించి ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే సూచిక) వేసి తేల్చలేం. మంచి సబ్బు ద్రావణానికి కూడా క్షార స్వభావం ఉంటుంది కాబట్టి గులాబీ రంగు వచ్చేస్తుంది. బాగా ఆరిన సబ్బు 1 గ్రామును 10 మి.లీ. ఇథనాల్‌లో వేడినీటి గిన్నె మీద కరిగించి (దగ్గర్లో మంట ఉండకూడదు) రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేయండి. అప్పుడు కూడా గులాబీ రంగు వస్తే క్షారం మిగిలినట్టే. ఈ పనులన్నిటికీ గాజు లేదా స్టీలు పాత్రే వాడండి. అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు వస్తుంది. సోడాను నీటిలో వేయాలి తప్ప సోడా మీద నీళ్లు పోయకూడదు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

ఇక నురగ సంగతి. సబ్బు అణువుకు నీటిని ఇష్టపడే కొస కార్బాక్సిలేట్, అంటే కొవ్వు ఆమ్లం నుంచి వచ్చిన రుణావేశపు భాగం. కాల్షియం అయాన్ ఒక్కటి రెండు సబ్బు అయాన్లను పట్టుకుని కరగని తెట్టుగా మారుస్తుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఖర్చయ్యేదాకా నురగ రాదు. దీన్ని చుక్కల లెక్కన చూడొచ్చు. లీటరు స్వేదనజలంలో 1 గ్రాము అనార్ద్ర (తేమ లేని) కాల్షియం క్లోరైడ్ కరిగించి, అందులో 10 మి.లీ. తీసి స్వేదనజలంతో 100 మి.లీ. చేయండి. ఈ పలచటి నీరు 10 మి.లీ. ఒక పరీక్షనాళికలో తీసుకుని 1 శాతం సబ్బు ద్రావణం చుక్కచుక్కగా వేస్తూ కుదపండి. మొదటి పది చుక్కలదాకా తెట్టే వస్తుంది, ఆ తర్వాతే నిలిచే నురగ. చాలామంది కాల్షియం క్లోరైడ్ చెంచాడు వేసేస్తారు. అప్పుడు ఎంత సబ్బు పోసినా నురగ రాదు, ప్రయోగంలో చూడాల్సిన అసలు విషయమే కనబడదు.

డిటర్జెంట్‌కు నీటిని ఇష్టపడే కొస సల్ఫోనేట్ లేదా సల్ఫేట్ (గంధకం ఉన్న భాగాలు). దాని కాల్షియం లవణం అంత తేలిగ్గా అవక్షేపించదు, అందుకే నురగ వస్తుంది. పోల్చడానికి బట్టల పొడి వద్దు, గిన్నెలు తోమే ద్రవం తీసుకోండి. పొడిలో వాషింగ్ సోడా ఉంటే కాల్షియం కార్బొనేట్‌గా దిగి నీరు తెల్లబడుతుంది, పిల్లలు దాన్నే తెట్టు అనుకుంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చే పరీక్ష వెనిగర్‌ది. సబ్బు, డిటర్జెంట్ ద్రావణాలు రెండింటిలోనూ వెనిగర్ కొద్దికొద్దిగా కలపండి. కొవ్వు ఆమ్లం బలహీనమైనది కాబట్టి సబ్బు వెనిగర్‌లోని హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని మళ్లీ కొవ్వు ఆమ్లమైపోతుంది. ద్రావణం పాలలా మారుతుంది, నురగ చస్తుంది. సల్ఫోనిక్ ఆమ్లం బలమైనది, దాని అయాన్ హైడ్రోజన్‌ను పట్టుకోదు, కాబట్టి డిటర్జెంట్ అలాగే ఉంటుంది. కాల్షియంకు లొంగే కొసే ఆమ్లానికీ లొంగుతోందని పిల్లలు తమ కళ్లతో చూస్తారు. "సబ్బు కఠిన జలంలో పనిచేయదు" అనే వాక్యాన్ని బట్టీ పట్టించే ముందు ఈ పరీక్ష చేయించండి.