చంద్రుని మీదికి పోయింది చావి ఇచ్చే గడియారమే!

ప్రశ్న: మా తాత హెచ్ఎంటీ గడియారానికి రోజూ పొద్దున చావి ఇయ్యాలె, మర్చిపోతే ఆగిపోతది. చంద్రుని మీదికి పోయినోళ్ళు గూడ గిసొంటిదే పెట్టుకున్నరని మా సార్ చెప్పిండు. అన్ని కంప్యూటర్లు ఉండంగ అదెందుకు సార్?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే అమ్మా. అది ఒమేగా స్పీడ్‌మాస్టర్, చావి ఇచ్చేదే. అప్పటికి బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ చేతి గడియారాలు మార్కెట్లకే రాలే, మొదటిది అమ్మకానికి వచ్చిందే 1969 డిసెంబర్‌ల, అప్పటికి ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళు పోయి వచ్చి ఐదు నెలలైంది. చావి గడియారానికి కరెంటు అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, లోపల స్ప్రింగు చుట్టి ఉంటే చాలు నడుస్తనే ఉంటది.

నాసా ఊరికే తీసుకోలే. మూడు కంపెనీల గడియారాలు తెప్పించి 71 డిగ్రీల వేడిల రెండు రోజులు పెట్టిండ్రు, తర్వాత 93 డిగ్రీలల్ల అరగంట (మన నల్లగొండల మే నెల 45 దాటితేనే బయటికి రాము కదా), మళ్ల మైనస్ 18 చలిల పెట్టిండ్రు, గాలి పీకేసిండ్రు, కుదిపిండ్రు, గట్టిగ దెబ్బలు గొట్టిండ్రు. ఒకదాని పెద్ద సెకండ్ల ముల్లు వంగి ఇరుక్కున్నది, ఇంకోదాని అద్దం వేడికి వంకరపోయి ఊడింది. గెలిచిన స్పీడ్‌మాస్టర్ గూడ ఏం తక్కువ తిప్పలు పడలే, ఒక పరీక్షల 21 నిమిషాలు ముందుకు పోయింది, ఇంకోదాంట్ల 15 నిమిషాలు వెనకపడ్డది, చీకట్ల మెరిసే పూత ఖరాబైంది, అయినా ఆగలే. నాకు ఆ గడియారం మీద గౌరవం అందుకే. 1965 మార్చి 1న దాన్ని ఒప్పుకున్నరు.

ఇగ కంప్యూటర్ ఉండంగ ఎందుకంటే చంద్రుని దిక్కు పోయిన అపోలో 13 ఓడ సంగతి చూడు. 1970 ఏప్రిల్‌ల దారి మధ్యల ఆక్సిజన్ ట్యాంకు పేలింది, కరెంటు మిగిల్చుకోవాలని కంప్యూటర్ బంద్ పెట్టిండ్రు. భూమి దిక్కు వచ్చే దారి జర తప్పుతున్నది, సరిచేయాలంటే ఇంజిన్‌ను 14 సెకండ్లు మండించాలె. అండ్ల ఉన్న ముగ్గురిల లోవెల్, హేజ్ ఇద్దరు ఓడను పట్టుకొని నడుపుతుంటే స్విగర్ట్ చేతి గడియారం చూసి సెకండ్లు లెక్కపెట్టిండు. ముగ్గురు ప్రాణాలతో ఇంటికి వచ్చిండ్రు. ఇంకేం జవాబు కావాలె చెప్పు.

ప్రశ్న: బరువు లేని చోట గడియారం ఆగిపోదా? ఆటోమేటిక్‌ది అయితే ఎట్ల?
– వాచ్ మెకానిక్, వనపర్తి

జవాబు: గోడకు ఊగే లోలకం గడియారమైతే ఆగిపోతది, ఎందుకంటే లోలకాన్ని వెనక్కి గుంజేది భూమి ఆకర్షణే. చేతి గడియారంల అటు ఇటు ఊగే బ్యాలెన్స్ చక్రాన్ని వెనక్కి గుంజేది దాని సన్న స్ప్రింగు, అది మీకు నాకన్న బాగ ఎరుకే, దానికి పైన కింద అనేది లేదు. ఆటోమేటిక్‌ల చేయి ఆడిస్తే లోపలి బరువు ముక్క దాని జడత్వంతోనే తిరిగి స్ప్రింగును చుడుతది, కాబట్టి నడుస్తది. 1973 నవంబర్‌ల అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌కు పోయిన విలియం పోగ్ జేబుల సొంత సీకో ఆటోమేటిక్ పెట్టుకపోయిండు, 84 రోజులు పైననే ఉన్నడు, అది మంచిగనే నడిచింది.

ప్రశ్న: మొదటగా అంతరిక్షానికి పోయిన వాచీ ఏది? చంద్రుని మీది వాచీ ఇప్పుడు ఎక్కడున్నది?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మనిషి చేతికి ఉండి పోయిందంటే గగారిన్ పెట్టుకున్న రష్యా స్టుర్మాన్‌స్కీ, 1961 ఏప్రిల్ 12. తర్వాతి ఏడాది అమెరికా వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ బ్రైట్‌లింగ్ వాచీ పెట్టుకపోయిండు, దానికి 24 గంటల డయల్, పైన గంటన్నరకొకసారి పొద్దు పొడుస్తది కాబట్టి పగలో రాత్రో తెలిసేటందుకు. సముద్రంల దిగినంక ఉప్పునీళ్ళు పోయి అది పాడైంది.

చంద్రుని మీద మొదట నడిచిన గడియారం ఆర్మ్‌స్ట్రాంగ్‌తోని దిగిన ఆల్డ్రిన్‌ది. ఆర్మ్‌స్ట్రాంగ్ తనది లోపలనే వదిలి దిగిండు, ఓడల టైమర్ పనిచేయలే కాబట్టి దాని బదులు ఉండాలని. ఆల్డ్రిన్ గడియారాన్ని తర్వాత మ్యూజియంకు పంపుతుంటే దారిలనే పోయింది, ఇప్పటికీ దొరకలే, అంతటి వస్తువు అట్ల పోవుడు చాలా బాధ. ఆర్మ్‌స్ట్రాంగ్‌ది మాత్రం వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గరున్నది. ఇవన్నీ సర్కారు సొత్తు, అమ్ముకునేటందుకు లేదు. అపోలో 15ల డేవిడ్ స్కాట్ ఒమేగా అద్దం ఊడితే సొంత బులోవా వాచీ కట్టుకొని మూడోసారి ఓడల నుంచి బయటికి దిగిండు, అది ఆయన సొంతం కాబట్టి 2015ల వేలంల 16 లక్షల డాలర్లకు పైననే పలికింది.