ముందు ప్రార్థన అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమా?

ఉద్యోగం పోయి, అప్పు ఇచ్చినవాళ్లు ఒత్తిడి చేస్తున్న సమయంలో సంఘ పెద్దలు "ముందు దేవుని సన్నిధిలో కనిపెట్టు", అంటే ప్రార్థిస్తూ ఎదురుచూడు, అన్నారనీ, ఆ మాట వినగానే కోపం వచ్చిందనీ మీరు నాకు రాశారు. ఆ కోపం నాకు తెలుసు. ఒకప్పుడు నాకూ అలాంటి సలహా గాయం మీద కారంలా తగిలింది.

నాన్న పోయిన ఏడాదికి అన్నయ్య నుంచి లాయరు నోటీసు వచ్చింది. నాన్న వైద్యం కోసం అమ్మిన స్థలం డబ్బుకు పదిహేను రోజుల్లో లెక్క చెప్పాలట. చివరి రెండేళ్లు నాన్న నా దగ్గరే ఉన్నారు. రాత్రిళ్లు మేలుకొన్నది నేను, ఆసుపత్రి చుట్టూ తిరిగింది నేను. చేతులు వణికాయి. ఆ రాత్రే ఫోనులో అన్నయ్యకు పొడవాటి సందేశం రాశాను, చిన్ననాటి సంగతులతో సహా అన్నీ తవ్విపోశాను. పంపబోతుండగా బైబిల్లోని యూదా రాజు హిజ్కియా గుర్తొచ్చాడు.

అష్షూరు రాజు సన్హెరీబు యూదా పట్టణాలను పట్టుకుని, యెరూషలేముకు బెదిరింపు ఉత్తరం పంపాడు. హిజ్కియా దాన్ని మందిరానికి తీసుకెళ్లి దేవుని ముందు విప్పి పరిచాడు. నేనూ నోటీసును మంచం మీద పరిచాను. మడతల దగ్గర కాగితం పైకి లేస్తుంటే ఒక అంచున కళ్లజోడు పెట్టె, ఇంకో అంచున బైబిలు పెట్టి మోకరించాను. ఏ స్వరమూ వినిపించలేదు. ఆ నోటీసులోని ప్రతి వాక్యాన్నీ దేవునికి చదివి వినిపించాను, అంతే. మూడోసారి చదువుతుండగా గమనించాను, అందులో నన్ను దొంగ అని ఎక్కడా అనలేదు. ఆ మాట నా మనసు కల్పించుకున్నది. అన్నయ్య అడిగింది లెక్క. రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆయనకు చూపించనిది ఆ లెక్కే. అది దేవుని ముందు ఒప్పుకోవడానికి ఇంకో గంట పట్టింది.

సందేశం చెరిపేశాను. మర్నాటి నుంచి అంతా పనే. రసీదులు తేదీల వారీగా పేర్చాను, దొరకనివాటికి ఆసుపత్రి నుంచి నకళ్లు తెచ్చాను, లాయరును కలిసి గడువులోగా జవాబు పంపాను. తర్వాత ఆ కాగితాల సంచీ పట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్లి, ముందే చూపించనందుకు క్షమించమని అడిగాను. విషయం కోర్టుకు వెళ్లలేదు. పాత దగ్గరితనం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. దానికోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను.

అప్పటి నుంచి బైబిల్లో నెహెమ్యాను, అంటే పారసీక రాజు కొలువులో పనిచేసిన యూదుడి కథను, వేరే కళ్లతో చదువుతున్నాను. యెరూషలేము ప్రాకారం కూలిపోయిందని షూషను కోటలో విన్నప్పుడు అతడు ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, తన తప్పునూ తన ఇంటివారి తప్పునూ ఒప్పుకున్నాడు. అది కిస్లేవు మాసం. రాజు ముందు నోరు విప్పింది నీసానులో, అంటే దాదాపు నాలుగు నెలలకు. ఆ నెలల్లో అతడు ఊరికే కూర్చోలేదని అతడు అడిగినవి చూస్తే తెలుస్తుంది. ఎప్పటికి తిరిగి వస్తాడో గడువు చెప్పాడు. నది అవతలి అధికారులకు ఉత్తరాలు అడిగాడు. ద్వారాలకు, ప్రాకారానికి, తాను ఉండబోయే ఇంటికి కలప ఇవ్వమని అడవి కాపరి ఆసాపు పేరుతో సహా ఉత్తరం కోరాడు. కన్నీళ్లతో కనిపెట్టిన మనిషే కలప సంగతి కూడా ఆలోచించుకున్నాడు! తర్వాత శత్రువులు కుట్ర పన్నితే ప్రార్థన చేసి, రాత్రింబవళ్లు కావలి కూడా పెట్టాడు. ప్రాకారం 52 రోజుల్లో పూర్తయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను బ్యాంకు వాయిదాలు కట్టలేక, అడిగినవాళ్లందరికీ "ప్రార్థిస్తున్నాను" అని చెబుతూ రెండు నెలలు బ్యాంకు వైపు వెళ్లలేదు. అది విశ్వాసం కాదు, భయం. ఎర్రసముద్రం ఎదుట దేవుడు మోషేతో నాకెందుకు మొరపెడుతున్నావు, సాగిపొమ్మని ప్రజలకు చెప్పు అన్నాడు కదా. అలాగే ప్రాణాపాయం ఉంటే, ఎవరైనా హింసిస్తుంటే ముందు అక్కడి నుంచి బయటపడండి, దారిలో ప్రార్థించండి. రాజు అడిగిన ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య నెహెమ్యా చేసిన ప్రార్థనకు ఎంతసేపు పట్టి ఉంటుంది? దేవుడు దాన్నీ విన్నాడు.

మీ విషయంలో నేనైతే ఈ రాత్రి అప్పుల వివరాలన్నీ ఒక కాగితం మీద రాస్తాను. ఎవరికి, ఎంత, ఎప్పటికి. దాన్ని దేవుని ముందు పరిచి, ఒక్కో పేరూ చదివి వినిపిస్తాను. చదువుతుంటే ఒక పేరు దగ్గర గొంతు ఆగుతుంది. బహుశా మీరు కొన్నాళ్లుగా ఫోను ఎత్తనిది ఆయనదే. రేపు ఉదయం మొదట ఆయనకే ఫోను చేయండి. ఇప్పుడు ఎంత ఇవ్వగలరో, మిగతాదానికి ఎంత గడువు కావాలో రాసి పెట్టుకుని మాట్లాడండి.