ఇండియాకు తిరిగి వస్తే అమెరికాలోని 401కె సొమ్ము తీసేయాలా?

అవసరం లేదు, ఉద్యోగం మానేసి ఇండియా వచ్చేసినా 401కె (కంపెనీ ద్వారా నడిచే రిటైర్మెంట్ పొదుపు) ఖాతాను అక్కడే ఉంచుకోవచ్చు. జీతంపై పన్ను పడకముందే అందులో జమైన సొమ్ము కాబట్టి, తీసినప్పుడు అమెరికా ఆదాయపు పన్ను వేస్తుంది. 59 ఏళ్ల 6 నెలలు నిండకముందే తీస్తే సాధారణంగా మరో 10 శాతం వడ్డింపు. అంటే 45 ఏళ్ల వయసులో లక్ష డాలర్లు తీసేవారికి ఆ వడ్డింపే 10,000 డాలర్లు! తొందరపాటుకు ఇది కాస్త ఖరీదైన మూల్యమే.

వీసాతో పాటే ఖాతా కూడా మూతపడుతుందన్నది వట్టి అపోహ. నిల్వ 7,000 డాలర్లు మించకపోతే మాత్రం కంపెనీ దాన్ని ఐఆర్‌ఏ (వ్యక్తిగత రిటైర్మెంట్ పొదుపు) ఖాతాకు మళ్లించవచ్చు. ఇక్కడి పన్ను సంగతికొస్తే, రిటర్ను గడువులోగా కోరుకుంటే ఏటా పెరిగే మొత్తంపై కాకుండా, తీసుకున్న ఏడాదే పన్ను కట్టవచ్చు.