ముందు డబ్బు లెక్క రాసుకో

తమ్ముడూ,

ఆడపిల్లల అమ్మకం మీద నువ్వు రాసిన సినిమా స్క్రిప్టు చదివాను. మూడో సీనుకే కొట్టడాలు, ఏడుపులు. ఆ పిల్ల పల్లె నుంచి ఆ గదిదాకా ఎలా వచ్చిందో మాత్రం ఒక్క డైలాగులో తేల్చేశావు. అసలు కథ అక్కడే ఉంది.

మీరా నాయర్ ‘సలామ్ బాంబే’ (1988) మళ్ళీ చూడు, ఈసారి డబ్బు మీద కన్నేసి. బొంబాయి వీధుల్లో బతికే పిల్లాడు కృష్ణ ఇంటికెళ్ళాలంటే 500 రూపాయలు కావాలి. టీలు మోసి కూడబెడతాడు. మత్తుకు బానిసైన స్నేహితుడే ఆ డబ్బు కాజేస్తాడు. ఆ 500 సంగతి తెలిశాక వాడు మోసే ప్రతి గ్లాసూ మనమూ లెక్కపెడతాం. అందులో వేశ్యాగృహానికి కొత్తగా కొనుక్కొచ్చిన అమ్మాయిని లొంగదీసేది కూడా కర్ర కాదు, మత్తుమందులమ్మే బాబా చెప్పే తీయటి మాటలు. నీ విలనేమో వస్తూనే మీసం మెలేస్తున్నాడు. వాడి వెంట ఏ పిల్ల వెళ్తుంది? మన ‘నా బంగారు తల్లి’లో ఆడపిల్లల వ్యాపారం చేసేది ఊళ్ళో పరువున్న ఒక తండ్రి.

కాబట్టి కాగితం తీసుకో. ఇంట్లోవాళ్ళకు ఎంత ముట్టింది, మధ్యవర్తి ఎంత నొక్కాడు, టికెట్టు, బట్టలు, తిండి, అద్దె కింద పిల్ల పేరున ఎంత బాకీ రాశారు, ఆమె ఫోను, ఆధార్ ఎవరి దగ్గరున్నాయి, అన్నీ రాయి. సినిమాలో వాటిలో రెండో మూడో కనబడితే చాలు.

కెమెరా ఎక్కడుండాలో కూడా నువ్వే రాయి. లూకస్ మూడిసన్ ‘లిల్యా ఫరెవర్’ (2002)లో అమ్ముడుపోయిన పిల్ల లిల్యా మీద జరిగే బలాత్కారం సీన్లు ఆమె కళ్ళతోనే చూస్తాం. తెరమీద ఉండేది ఆమె ఒళ్ళు కాదు, మీదికొచ్చే మగాళ్ళ మొహాలు. నువ్వు రాసిన స్లోమోషన్ తీసెయ్.

నిజం కేసు నుంచి తీసుకుంటే పేరు మార్చడం చాలదు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 23 ప్రకారం బడి, కుటుంబం, ఇల్లు, చుట్టుపక్కల ఆనవాళ్ళు కూడా బయటపెట్టకూడదు. రెండో సీనులో హైస్కూలు బోర్డు కొట్టేయ్.

14 ఏళ్ళలోపు బాలనటి రోజుకు 5 గంటలకు మించి పనిచేయకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. గంటల సంగతి అటుంచు, అసలు హింస సీన్లలో ఆ పిల్ల సెట్లోనే ఉండనక్కర్లేకుండా రాయి. మూసిన తలుపు, బయట నోట్లు లెక్కపెట్టే చేతులు ఉన్నాయిగా.

ఇంకోటి. పోలీసులు తలుపు పగలగొట్టడంతో కథ ముగించావు. ఆ తర్వాత వాంగ్మూలం, వైద్య పరీక్ష, హోమ్, కోర్టు వాయిదాలు, ఇంటివాళ్ళు రానిస్తారో లేదో అన్న బెంగ. వాటిలో కనీసం ఒక్క సీను రాసి పంపు, చదువుతాను.