ఏ పెల్లెట్ మంచిది అంటే ముందు నా మాత్రల డబ్బా కథ వినండి

మీ ప్రశ్న చదివా. 0.177 (అంగుళాల్లో బ్యారెల్ సైజు) బ్రేక్ బ్యారెల్ స్ప్రింగ్ గన్, అదే బ్యారెల్ వంచి లోడ్ చేసే ఎయిర్ గన్ కొన్నారు, దాంట్లో వేసే చిన్న సీసం గుళ్ళు, అంటే పెల్లెట్లు, నాలుగు రకాలు తెచ్చారు, ఒకరోజు ఒకటి బాగా పడుతోంది, మర్నాడు అదే చెల్లాచెదురుగా పోతోంది, దేన్ని నమ్మాలి అని అడిగారు. ఇదే గోలతో నేను ఏడాదిన్నర తిరిగాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. ఫలానా టిన్ కొనుక్కోండి అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు కానీ అది నా బ్యారెల్‌కి కుదిరిన పెల్లెట్, మీ బ్యారెల్‌కి కుదరాలని రూలేం లేదు. నాదీ మా ఫ్రెండ్‌దీ ఒకటే మోడల్, వారం తేడాతో కొన్నాం, నా దాంట్లో ముందున్న పెల్లెట్ వాడి దాంట్లో మూడోది అయింది.

మాది రాజమండ్రి. మా మామగారి ఊళ్ళో ధాన్యం గోడౌన్ ఒకటి ఉంది, సీజన్ అయిపోతే ఖాళీగానే ఉంటుంది, ఆదివారం వస్తే తాళం తీసుకుని నేనూ మా బావమరిదీ అక్కడికే. లోపల గాలి ఉండదు, టేపు పెట్టి 10 మీటర్లు కొలిచి సుద్దతో గీత గీశాం. టార్గెట్ వెనక పాత దుప్పట్లు, బట్టలు గట్టిగా కుక్కిన అట్టపెట్టె, దాని వెనక మందపాటి చెక్క, ఆ వెనక గోడ. ఒక తలుపు లోపల్నుంచి గడియ, రెండోదాని దగ్గర బావమరిది కాపలా, ఇద్దరికీ కళ్ళద్దాలు. డాబా మీద పిట్టగోడకి టార్గెట్ ఆనించి కొట్టేవాళ్ళని చూశా, దయచేసి అలా మాత్రం చెయ్యకండి, పెల్లెట్ గోడకి తగిలి తిరిగొస్తుంది.

మొదటిసారి ఆరు రకాలు పెట్టా. ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ, అది 0.45 గ్రాములు, తేలిక. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, రెండూ రైఫిల్ రకమే, 0.53 గ్రాములు. జేఎస్‌బీ ఎగ్జాక్ట్, గుండ్రటి తలది, దాదాపు 0.55 గ్రాములు. ఇవి కాక ఇక్కడ షాపులో దొరికే ఫ్లాట్ తలది ఒకటి, మొన తేలినది ఒకటి. ఒక్కోదానితో అయిదేసి షాట్లు కొట్టి వెర్నియర్‌తో కొలిస్తే ఆర్10 గ్రూప్, అంటే చిల్లులన్నీ కలిపి పరుచుకున్న వెడల్పు, 7 మి.మీ. వచ్చింది, మిగతావన్నీ 9 పైన. ఇంకేం, పోటీల్లో వాడే పెల్లెట్ కదా, అంతే మరి అనుకుని అదే రాత్రి మూడు టిన్నులు ఆర్డర్ పెట్టేశా. వచ్చే ఆదివారానికి అదే ఆర్10, అదే గన్, అదే బల్ల, గ్రూప్ 12. ఆ పై వారం 10. అప్పుడు అచ్చం మీ పరిస్థితే నాది.

తర్వాత మెల్లిగా తెలిసింది ఏంటంటే తప్పు పెల్లెట్‌ది కాదు, నేను టెస్ట్ చేసిన పద్ధతిది. ముందు స్టాక్ (గన్‌ని పట్టుకుని భుజానికి ఆనించే భాగం) స్క్రూలు చూస్తే ఒకటి పావు తిప్పు, ఇంకోటి దాదాపు అర తిప్పు వదులయ్యాయి. స్ప్రింగ్ గన్‌లో ఇది మామూలే, ప్రతి షాట్‌కీ లోపల పిస్టన్ ముందుకి దూకుతుంది కదా, ఆ దెబ్బకి గన్ మొదట వెనక్కి జరిగి, పిస్టన్ చివర ఆగేటప్పుడు మళ్ళీ ముందుకి ఊగుతుంది, ఇదంతా పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే జరుగుతుంది. అందుకే ఈ గన్ మనం ఎలా పట్టుకుంటే అలా కొడుతుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే ఒకచోట, వదులుగా అరచేతి మీద పడుకోబెడితే ఇంకోచోట. పీసీపీ (స్ప్రింగ్ లేకుండా ముందే నింపిన గాలితో కొట్టే గన్) అయితే క్లాంప్‌లో బిగించి టెస్ట్ చెయ్యొచ్చు, స్ప్రింగర్‌ని అలా బిగిస్తే మీరు మామూలుగా పట్టుకుని కొట్టేదానికీ ఆ రిజల్ట్‌కీ పొంతనే ఉండదు. నేను ఇసక సంచి మీద ఎడమ అరచెయ్యి తెరిచి పెట్టి దాని మీద గన్ ఆనిస్తా, ట్రిగర్ గార్డ్‌కి కాస్త ముందు, ప్రతిసారీ అదే చోట, అక్కడ స్టాక్ మీద చిన్న టేపు ముక్క అంటించుకున్నా. భుజానికి అదమను, ఊరికే ఆనిస్తా అంతే.

రెండో సంగతి, పెల్లెట్ మార్చగానే మొదటి నాలుగైదు షాట్లు నమ్మకూడదు. ఒక రకం పెల్లెట్ సీసం, దాని మీద ఉండే పూత బ్యారెల్ లోపల పల్చగా అంటుకుని ఉంటాయి, కొత్తది వచ్చి దాన్ని తనకి కావలసినట్టు సర్దుకోవాలి. కొందరికి ఇరవై షాట్లు పడుతుందంటారు, నా దాంట్లో అయిదుతో సర్దుకునేది. ఇంకా మీది కొత్త గన్ అన్నారు కాబట్టి, పేల్చగానే కాలిన నూనె వాసన, కాస్త పొగ, మామూలుకన్నా పెద్ద చప్పుడు వస్తోందా చూసుకోండి. వస్తుంటే లోపలి నూనె మండుతున్నట్టు లెక్క, అది తగ్గేదాకా, నాకైతే దగ్గర దగ్గర సగం టిన్ అయ్యేదాకా, ఏ టెస్టూ పెట్టొద్దు, వేగం షాట్ షాట్‌కీ మారిపోతుంటే పెల్లెట్‌ని తిట్టి ఏం లాభం.

ఇక అసలు కథ. నాకు ఆర్10 మీద ముందే మోజు, అందుకే ప్రతిసారీ దాన్నే మొదట, చేతులు తాజాగా ఉన్నప్పుడు కొట్టేవాణ్ణి, మొనదేలినది ఎప్పుడూ ఆఖర్న, చెమటలు కారుతుండగా. ఇది బావమరిదే కనిపెట్టాడు. "బావా, నీకు పెళ్ళికూతురు ముందే నచ్చేసింది, ఇంక పెళ్ళిచూపులెందుకు" అన్నాడు. సరే అయితే నువ్వే పెట్టు టెస్ట్ అని వాడికే వదిలేశా. మందుల షాపులో వారానికి సరిపడా మాత్రలు వేసుకునే ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది చూడండి, ఏడు గదులు, గదికో వారం పేరు, అది కొత్తది కొన్నాం. కొత్తదే కొనండి, ఇంట్లో పెద్దవాళ్ళది వాడొద్దు, సీసం కదా. నేను బయట ఉండగా వాడు ఒక్కో గదిలో ఒక్కో రకం పదిహేనేసి పెల్లెట్లు నింపి, ఏది ఏ వారమో కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. నాకు తెలిసేది సోమవారం, మంగళవారం మాత్రమే. మొదటి అయిదూ వేస్ట్ కార్డు మీద, తర్వాతి పదీ కొత్త కార్డు మీద. ఏ వారం ముందు, ఏది తర్వాత అన్నది చీటీలు తీసి వాడే చెప్పేవాడు. ఫ్లాట్‌గా కోసేవీ గుండ్రటివీ తలలు చూస్తే తెలిసిపోతాయనుకోండి, అందుకని లోడ్ చేసేటప్పుడు ఎక్కువ చూడకుండా తోసేసేవాణ్ణి, పూర్తిగా గుడ్డి టెస్ట్ అని అననుగానీ మునుపటికన్నా చాలా నయం.

నాలుగు ఆదివారాలు, ఆదివారానికి ఒక రౌండ్. కొలత మొత్తం పది షాట్ల గ్రూప్‌కే, బాగా దూరంగా పడిన రెండు చిల్లుల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, అందులోంచి ఒక చిల్లు వెడల్పు తీసెయ్యడం. నాలుగో ఆదివారం సాయంత్రం సరాసరి లెక్కేస్తే మంగళవారం 8.3 మి.మీ., అదే ఫస్ట్. శనివారం 9.4, నాలుగోది. మధ్యలో బుధవారం 8.8, శుక్రవారం 9.0. గురువారం 9.6. ఆదివారం 12.7. సోమవారం 19 దాటింది. ఇప్పుడు కాగితం తియ్యరా అంటే తీసి నవ్వుతున్నాడు. ఆరు రకాలే ఉన్నాయి, డబ్బాలో ఏడు గదులున్నాయి, ఒక గది ఖాళీగా ఉంటే బాగోదని హాబీని రెండు గదుల్లో వేశాడట. మంగళవారం, శనివారం రెండూ ఒకే టిన్‌లోవి!

నేను కాసేపు ఏం మాట్లాడలేదు. ఎందుకంటే ఒక రౌండ్‌లో మంగళవారం 7.0, శనివారం 10.8 వచ్చింది, ఆ కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి "చూశావా, శనివారంది ఎంత చెత్తో" అని వాడికే క్లాసు పీకాను కూడా. ఒకే పెల్లెట్ తనతో తనే 1 మి.మీ. పైన తేడాతో గెలిచి ఓడిందంటే, నాలుగు రౌండ్ల సరాసరిలో కూడా, ఇక 8.8కీ 9.0కీ 9.6కీ మధ్య ఉన్న తేడాకి అర్థమేముంది? బుధవారం ఆర్10, శుక్రవారం జేఎస్‌బీ, గురువారం ఫినాలే మ్యాచ్. నా గన్‌కి, నా చేతికి, 10 మీటర్లలో ఆ మూడూ, హాబీ, అన్నీ ఒకటే. లోకల్‌వి రెండూ మాత్రం నిజంగా వెనకబడ్డాయి, అంత దూరం తేడా అయితే ఎవరు కొట్టినా తెలిసిపోతుంది. మొన తేలిన పెల్లెట్ల గురించి నేను విన్నదీ అదే, ఆ మొన సరిగ్గా మధ్యలో రావడం కష్టం, చూడ్డానికి మాత్రం బుల్లెట్‌లా ఉంటుంది కాబట్టి అమ్ముడుపోతుంది.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇదీ. మీ నాలుగు రకాల్లో ఏదో ఒకదాన్ని మీకు తెలియకుండా రెండుసార్లు కలిపించండి. ఆ రెండింటి మధ్య ఎంత తేడా వస్తుందో అదే మీ కొలబద్ద, అంతకన్నా తక్కువ తేడాల్ని పట్టించుకోవద్దు. అయిదు షాట్ల గ్రూప్ అయితే అసలు మాట్లాడుకోనక్కర్లేదు, ఒకే పెల్లెట్‌తో ఒక గ్రూప్ ఇంకోదానికి ఒకటిన్నర రెట్లు రావడం మామూలే. ఇంకోటి, అయిదు షాట్ల గ్రూప్‌ని పది షాట్ల గ్రూప్‌తో పోల్చకండి, షాట్లు పెరిగే కొద్దీ గ్రూప్ పెద్దదవుతూనే ఉంటుంది, పదికి దాదాపు పావు వంతు ఎక్కువ వస్తుంది. "నా చెయ్యి వణికింది, ఆ ఒక్కటీ లెక్కలోకి రాదు" అని కూడా అనొద్దు, నేను అలా తీసేసిన చిల్లులన్నీ ఎందుకో మరి నాకు నచ్చిన పెల్లెట్‌వే అయ్యేవి.

మీరు హెడ్ సైజ్, అంటే పెల్లెట్ తల వెడల్పు గురించి కూడా అడిగారు, 4.49, 4.50, 4.51 అని టిన్ మీద ఉంటుంది, తేడా మిల్లీమీటర్‌లో వందో వంతు. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్‌కి అది అక్కరకొస్తుంది, వాళ్ళ గన్ క్లాంప్‌లో పెడితే పెల్లెట్లన్నీ దాదాపు ఒకే చిల్లులోంచి పోతాయి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ మెడల్ కొట్టిన 10 మీటర్ల ఈవెంట్‌లో పదో మార్కు చుక్క వెడల్పు అర మిల్లీమీటరే, అక్కడ ఆ వందో వంతు కోసం వెతుకుతారు, లాట్ నంబర్ చూసి నచ్చిన లాట్‌లోవే బోలెడు కొనిపెట్టుకుంటారు. మన స్ప్రింగర్‌కి చాలావరకు వేలితో తెలిసిపోతుంది. లోడ్ చేసి బ్యారెల్ వంచితే పెల్లెట్ జారి కిందపడితే మరీ వదులు, గోటితో నొక్కినా ఎక్కకపోతే మరీ బిగువు, కొద్దిగా అడ్డుపడి లోపలికి ఒదిగితే చాలు. ప్రతిదాన్నీ ఒకే లోతుకి తొయ్యండి, అంచుతో సమంగా.

బంగారం తూచే బుల్లి త్రాసు కొని పెల్లెట్లు తూకం వేసి వేరుచెయ్యడం కూడా చేశా, రెండు రాత్రులు, మా ఆవిడ అదోలా చూసింది. తర్వాత లెక్క వేసుకుంటే నవ్వొచ్చింది. సెకనుకి 170 మీటర్ల వేగం అనుకోండి, మ్యాచ్ గన్లు సుమారు అంతే, 10 మీటర్లు పోయేలోపు పెల్లెట్ 17 మి.మీ. దాకా కిందికి దిగుతుంది. బరువు నూటికి ఒక వంతు మారితే వేగం నూటికి అర వంతు మారుతుంది, దిగేది నూటికి ఒక వంతు మారుతుంది, అంటే 0.2 మి.మీ. కూడా కాదు. నా గ్రూప్ 9 మి.మీ. అయినప్పుడు అది ఎక్కడ కనబడుతుంది? 50 మీటర్లకి కొట్టేవాళ్ళకైతే పనికొస్తుంది, వాళ్ళు తూచుకోవచ్చు. దానికన్నా టిన్ తెరిచి అద్దం ముక్క మీద పెల్లెట్లు దొర్లించి చూడండి, కొరియర్‌లో ఎత్తేసిన టిన్నుల్లో వెనక పావడా లాంటి అంచు నొక్కుకుపోయినవి కొన్ని ఉంటాయి, అవి వంకరగా దొర్లుతాయి. వెనకనుంచి వచ్చే గాలి ఆ అంచునే విప్పి బ్యారెల్‌కి అదుముతుంది కాబట్టి అది చొట్టపడితే ఆ షాట్ పోయినట్టే. వాటిని ఏరి వేరే పెట్టి, సరదాగా ఖాళీ డబ్బాల మీదకి కొట్టడానికి వాడుకోండి. అన్నట్టు ఏరేటప్పుడు నాలుగు పెల్లెట్లు నోట్లో పెట్టుకునే పాత అలవాటు ఉన్నవాళ్ళుంటారు, మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు అలాగే, అది మాత్రం వద్దండీ. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్.

ఓపెన్ సైట్ (స్కోప్ లేకుండా గన్ మీదున్న ముందు, వెనక గుర్తులతోనే గురిచూడటం) అన్నారు కదా, వెలుతురు ఒక్కలా ఉండేలా చూసుకోండి. మధ్యలో కరెంటు పోయి తలుపు తీశామంటే ముందు సైట్ కనబడే తీరే మారిపోయి గ్రూప్ మొత్తం పక్కకి జరిగేది, అది పెల్లెట్ మహిమ అనుకుని ఒక ఆదివారమంతా వృథా చేశా. గ్రూప్ నల్ల చుక్క మధ్యలో పడిందా పక్కన పడిందా అన్నది టెస్ట్‌లో చూడక్కర్లేదు, ఎంత దగ్గరగా పడ్డాయన్నదే చూడండి, సైట్ తర్వాత తిప్పుకోవచ్చు.

నేను చివరికి హాబీకే ఉండిపోయా, గెలిచిందని కాదు, ఆ నాలుగింట్లో నాకు చవగ్గా దొరికేది అదే, ఫ్లాట్ తల కాబట్టి అట్ట మీద చిల్లు కూడా గుండ్రంగా కోస్తుంది, కొలవడం తేలిక. ఆర్10 మూడు టిన్నుల్లో రెండు మా ఫ్రెండ్‌కి ఇచ్చేశా, వాడి గన్‌లో అదే ఫస్ట్. ఇప్పుడు కొత్త టిన్ వచ్చినప్పుడల్లా పాత టిన్‌లో యాభై మిగిల్చి పెట్టుకుని రెండూ డబ్బాలో కలిపించి కొడుతున్నా. పోయినసారి తేడా ఏం కనబడలేదు. ఈసారి టిన్ ఇంకా తెరవలేదు, బావమరిది పరీక్షలయ్యాక వస్తానన్నాడు.