ముందు ఆయిల్ ఎటు పోతోందో చూడు తల్లీ

చిరంజీవికి ఆశీస్సులు.

పిస్టన్ విమానాల నుంచి టర్బోప్రాప్‌కి, అంటే టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిరిగే విమానానికి మారుతున్నావని తెలిసి చాలా సంతోషమైంది. క్లాసులు మొదలైతే ఇంజిన్ లిమిట్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అవి ఎలాగూ కంఠతా పట్టాల్సిందే. ఈలోపు ఒక్క పని చెయ్యి. ప్రొపెల్లర్ హబ్‌లోకి, అంటే బ్లేడ్లు అమర్చిన మధ్య భాగంలోకి వెళ్లే ఆయిల్ బ్లేడ్లను ఎటు తిప్పుతుందో, ఆ ఆయిల్ ఆగిపోతే అవి ఎటు తిరుగుతాయో తెలుసుకో. నేను నేర్పినవాళ్లలో చాలామంది తడబడింది ఇక్కడే.

నీకు ఎదురయ్యేది చాలావరకు పీటీ6 ఇంజినే కాబట్టి దాని సంగతే చెబుతాను. అందులో రెండు షాఫ్టులు. ఒకదాని మీద కంప్రెసర్, దాన్ని తిప్పే టర్బైన్ ఉంటాయి. రెండోదాని మీద ఉన్న పవర్ టర్బైన్, గేర్‌బాక్స్ ద్వారా ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. ఈ రెండు షాఫ్టులూ ఒకదానికొకటి తగలవు, మధ్యలో ఉన్నది వేడి గాలి మాత్రమే. కంప్రెసర్ నిమిషానికి 37,500 చుట్ల దాకా తిరుగుతుంటే, ప్రొపెల్లర్ 2,000 దరిదాపుల్లో తిరుగుతుంది.

పవర్ లీవర్ ముందుకు తోస్తే ఇంధనం పెరిగి, కంప్రెసర్ వేగం పెరుగుతుంది. ప్రొపెల్లర్ కూడా వేగం అందుకోబోతుంది, కానీ దాని వేగాన్ని ఒకేచోట నిలిపే గవర్నర్ ఒప్పుకోదు. ఆ పెట్టెలోకి ఒకసారి తొంగిచూద్దాం. లోపల తిరిగే రెండు చిన్న బరువులు, వాటిని అదిమిపెట్టే ఒక స్ప్రింగ్, మధ్యలో ఆయిల్ వాల్వు. వేగం కాస్త పెరగగానే బరువులు బయటికి విచ్చుకుని వాల్వుని పైకి లేపుతాయి. హబ్‌లోని ఆయిల్ కొంత వెనక్కి వచ్చేస్తుంది. వెంటనే హబ్‌లోని స్ప్రింగు, బ్లేడ్ల మొదట్లోని కౌంటర్‌వెయిట్లు కలిసి బ్లేడ్ల కోణం పెంచుతాయి. కోణం పెరిగితే గాలిని కోయడం కష్టమవుతుంది, వేగం మళ్లీ దారికొస్తుంది. అందుకే నీకు ఆర్‌పీఎం ముల్లు కదలదు, ప్రొపెల్లర్‌ని తిప్పే బలం చూపే టార్క్ ముల్లు లేస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా చదువు. నువ్వు నడిపిన సింగిల్ ఇంజిన్ పిస్టన్ విమానాల్లో మామూలుగా ఆయిల్ పోతే బ్లేడ్లు ఫైన్ పిచ్‌కి, అంటే తక్కువ కోణానికి వస్తాయి. పీటీ6లో తలకిందులు. ఆయిల్ పోతే బ్లేడ్లు ఫెదర్‌కి, అంటే అంచు గాలికి ఎదురుగా నిలబడే స్థితికి వెళ్లిపోతాయి. ఇంజిన్ ఆగినప్పుడు ప్రొపెల్లర్ విమానాన్ని వెనక్కి లాగకుండా ఉండాలని చేసిన ఏర్పాటది. బతికించే ఏర్పాటు. కానీ ఆడుతున్న ఇంజిన్‌ని ఫెదర్ చేస్తే ఏమవుతుందో 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో చూశాం. ల్యాండింగ్‌కి వస్తున్న ఏటీఆర్ 72లో ఫ్లాప్ లీవర్ అనుకుని, ప్రొపెల్లర్లను ఫెదర్ చేసే కండిషన్ లీవర్లు రెండూ ఫెదర్‌లోకి లాగేశారు. ఇంజిన్లు నడుస్తూనే ఉన్నాయి, థ్రస్ట్ మాత్రం లేదు. విమానంలో ఉన్న 72 మందీ పోయారు. ఆ దర్యాప్తు నివేదిక తప్పకుండా చదువు. ఏ లీవర్ మీద చెయ్యి వేసినా ముందు కళ్లతో చూడు, పైకి పేరు చెప్పు, ఆ తర్వాతే కదుపు. ఎంత హడావుడిలో ఉన్నా సరే.

ఇక బీటా, అంటే బ్లేడ్ కోణాన్ని పవర్ లీవరే నడిపే పరిధి. గాల్లో లీవర్‌కి వెనకవైపు హద్దుగా ఉండే ఫ్లైట్ ఐడిల్ గేటు దాటి పవర్ లీవర్‌ని వెనక్కి లాగితే గవర్నర్ పక్కకు తప్పుకుంటుంది, బ్లేడ్ కోణం నేరుగా నీ చేతిలోకి వస్తుంది. నేల మీద టాక్సీకి, రన్‌వే మీద ఆగడానికి అది వరం. గాల్లో మాత్రం ఆ గేటు జోలికి పోకు. బ్లేడ్లు బల్లపరుపుగా వచ్చి గాలికి గోడలా అడ్డం పడతాయి. 2002 నవంబర్‌లో లక్సెంబర్గ్ దగ్గర ఫోకర్ 50 కూలిన ప్రమాదంలో గాల్లోనే లీవర్లు ఆ పరిధిలోకి వెళ్లాయి.

స్టార్టింగ్‌లో మాత్రం నీ కళ్లు ఐటీటీ మీదే, అంటే టర్బైన్ల మధ్య ఉష్ణోగ్రత మీదే ఉండాలి. కంప్రెసర్ వేగం మాన్యువల్ చెప్పిన కనీస శాతానికి చేరకుండా ఇంధనం వదలకు. బ్యాటరీ నీరసంగా ఉంటే చాలినంత గాలి లోపలికి వెళ్లదు, ఉష్ణోగ్రత సర్రున ఎగబాకుతుంది. లిమిట్ దాకా ఎదురుచూడకు. పోకడ చూసి ఇంధనం కట్ చెయ్యి, మాన్యువల్ చెప్పినంతసేపు స్టార్టర్ తిప్పుతూ లోపలి వేడిని బయటికి పంపు. కొన్ని సెకన్ల తటపటాయింపు చాలు, టర్బైన్ బ్లేడ్లు పాడైపోవడానికి.

నీకిచ్చే విమానంలో ఉన్నది గారెట్ టీపీఈ331 అయితే వెంటనే చెప్పు. అందులో షాఫ్ట్ ఒకటే. స్టార్టర్ ప్రొపెల్లర్‌ని కూడా మోయాలి కాబట్టి, ఆపేటప్పుడే బ్లేడ్లను, తక్కువ కోణంలో పట్టి ఉంచే స్టార్ట్ లాకుల్లో నిలపాలి. దాని గురించి విడిగా రాస్తాను.

ఈలోగా పీటీ6 ప్రొపెల్లర్ ఆయిల్ దారి మొత్తం పెన్సిల్‌తో ఒక కాగితం మీద గీసి నాకు పంపు. మామూలు గవర్నర్ పనిచేయకపోతే ఆయిల్‌ని వెనక్కి వదిలే ఓవర్‌స్పీడ్ గవర్నర్ ఆ దారిలో ఎక్కడుందో కూడా గుర్తు పెట్టు.